పద్నాలుగో గది ముందు లైను

ఆ రోజు ఉదయం సత్తియ్య ఆలోచన ఒక్కటే. పావెకరం చెరకు నరికించి గానుగ దగ్గర పోగేశాడు. అనకాపల్లికి ఆటోలో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఆ ఊరికంతటికీ ఒక్కటే గానుగ. వంతులవారీగా వాడుకోవాలి. సత్తియ్య వంతు రెండు రోజులు. నరికిన చెరకు అంతకు మించి ఆగదు. రసం పులుస్తుంది. పులిసిన రసం బెల్లం కాదు. రెండు రోజుల్లో ఎనిమిది పెనాలు దించి, దిమ్మలు కట్టి, మూడో రోజు అనకాపల్లి మార్కెట్టుకు తోలాలి. తోలకపోతే ఏడాది చాకిరీ అక్కడే కుళ్ళుతుంది.

అందుకు కావలసిన మనిషి తాతబ్బాయి. పక్క ఊరివాడు, నలభై ఎనిమిదేళ్ళవాడు. పాకం చూడటం అతని పని. మరిగే పాకాన్ని గరిటెతో కొంచెం తీసి చన్నీళ్ళలో వేస్తాడు. వేళ్ళతో ఉండ చేసి, పళ్ళానికేసి కొడతాడు. అది ఖంగుమంటే పెనం దించమంటాడు. ఒక్క నిమిషం ముందు దించితే బెల్లం గట్టిపడదు. ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడుతుంది. ఆ నిమిషం ఎప్పుడొస్తుందో చుట్టుపక్కల అయిదారు ఊళ్ళలో అతనొక్కడికే తెలుసు. మొదటి పెనం ఉండను తన చేత్తో రైతు నోట్లో పెట్టడం అక్కడి ఆనవాయితీ. పెట్టకపోతే ఆ ఏడు బెల్లానికి రంగు రాదని నమ్ముతారు.

"పొద్దున్న అనకాపల్లిలో సిన్న పనుంది మావా. పదికల్లా వచ్చేత్తాను," అని తాతబ్బాయి ముందురోజే చెప్పాడు. ఏం పనని సత్తియ్య అడగలేదు. చెప్పినట్టే పదికి వచ్చాడు. ఒంటిగంటకు మొదటి పెనం దిగింది. మంచి రంగు. సత్తియ్య నోరు తెరిచాడు. తాతబ్బాయి ఉండ పెట్టాడు.

సరిగ్గా అప్పుడు ఆటోలోంచి నానాజీ దూకాడు.

నానాజీ సత్తియ్య భార్యకు తమ్ముడు, అదే ఊళ్ళో కాపురం. అతని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఊళ్ళో ఎవరు ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళారో అతనికి తెలుసు. తన బీపీ ఎంతో తెలియదు.

"ఉమ్మెయ్ బావా! ఉమ్మెయ్!" అంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏటిరా?"

"మింగేసేవా?"

"బెల్లం నోట్లో ఎడితే మింగక ఏటి సేత్తారు?"

నానాజీ బావ చెయ్యి పట్టుకుని చెరకు పిప్పి కుప్ప వెనక్కు లాక్కుపోయాడు. "పొద్దున్న బీపీ బిళ్ళలకి పెద్దాసుపత్రికెల్లేను గదా. అక్కడ ఈ తాతబ్బాయి ఉన్నాడు బావా. పద్నాలుగో నంబరు గది ముందు లైన్లో ఉన్నాడు."

"ఉంటే?"

"ఆ గదిలో ఏటిత్తారో తెలుసా?" అని నానాజీ గొంతు తగ్గించి చెప్పాడు. గానుగ ఇంజను మోతలో సత్తియ్యకు వినపడలేదు. "ఏటీ?" అన్నాడు. నానాజీ ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. అప్పుడూ వినపడలేదు. మూడోసారి అరిచాడు. చెరకు పెట్టేవాడు పిప్పి అడ్డం పడిందని ఇంజను ఆపింది అప్పుడే.

"ఎయిడ్స్ మందులిత్తారు బావా!" అన్న మాట గానుగంతా వినిపించింది.

చెరకు అందించే ఇద్దరాడవాళ్ళూ చేతులు కొంగుకు తుడుచుకున్నారు. ఎందుకు తుడుచుకున్నారో వాళ్ళకే తెలియదు. తాతబ్బాయి ఆ చెరకును ముట్టుకోనే లేదు. అతను రెండో పెనం కింద మంట సర్దుతున్నాడు. తల ఎత్తలేదు.

"బెల్లంలోంచి వత్తాదేట్రా?" అన్నాడు సత్తియ్య మెల్లగా.

"సెయ్యి పెట్టేడా నేదా?"

"పెట్టేడు."

"ఇంకేటి మరి!"

"పాకం సలసలా మరిగింది గదరా. అందులో పురుగనేది బతుకుద్దా?"

"అది మరిగితే సచ్చే రకం కాదు బావా. మొండిది," అన్నాడు నానాజీ, దాన్ని పెంచినవాడిలా.

ఇంజను మళ్ళీ మొదలైంది. సత్తియ్య నోరు పుక్కిలించాడు. తర్వాత తాతబ్బాయి దగ్గరకు వెళ్ళాడు. ఎదురుగా నిలబడి మనిషిని పొమ్మనడం అతనికి చేతకాదు. అబద్ధం చెప్పడం అంతకంటే చేతకాదు.

"తాతబ్బాయ్, ఇంజను పాడైపోయింది. ఈ రోజుకి ఎల్లిపో," అన్నాడు.

తాతబ్బాయి ఇంజను వైపు చూశాడు. అది గడగడా తిరుగుతోంది. రసం ధారగా పడుతోంది. అతను చేతులు కడుక్కున్నాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "రెండో పెనం పొంగుకొత్తాంది మావా. మంట తగ్గనివ్వకండి. తెట్టు తియ్యడం మర్సిపోకండి," అని చెప్పి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

పాకం నేను చూస్తానన్నాడు నానాజీ. ఫోన్లో వీడియోలు చూశాట్ట. రెండో పెనం మాడి తారులా దిగింది. అది చూసి భయపడి మూడోది ముందే దించారు. అది బెల్లమూ కాలేదు, పానకమూ కాలేదు.

సత్తియ్య ఇంటికి వెళ్ళేసరికి కబురు అతనికంటే ముందే చేరింది. భార్య చిన్నమ్మలు అతని మంచం గేదెల కొట్టంలో వేసింది. కంచం, గ్లాసు, దువ్వెన, తువ్వాలు ఆ మంచం మీద పెట్టింది.

"నేనేటి సేసేనే?" అన్నాడు సత్తియ్య.

"నువ్వేటీ సెయ్యనేదు. అందుకే కొట్టంలో ఏసేను. సేసుంటే నేనే మా ఊరెల్లిపోదును."

"దువ్వెన్నేటి సేసింది?"

"ఏమో, ఎవులికి తెలుసు!"

మొదటి పెనం బెల్లం పారెయ్యడానికి సత్తియ్యకు చేతులు రాలేదు. బంగారం రంగులో ఉంది. మనుషులు తినకూడనిది గేదె తినొచ్చని నానాజీయే తేల్చాడు. గేదె అడ్డు చెప్పలేదు. రెండు దిమ్మలు తినేసింది. సాయంత్రం అయిదు కాకుండానే దానికి విరేచనాలు పట్టుకున్నాయి.

"సూసేవా అక్కా! గంట తిరక్కుండా పట్టేసింది!" అన్నాడు నానాజీ. ఆ గొంతులో విచారం ఉంది. తను చెప్పిందే జరిగిందన్న తృప్తి కూడా ఉంది.

పశువుల ఆసుపత్రి నుంచి ధనరాజ్ వచ్చాడు. గేదె కడుపు నొక్కి చూశాడు. "ఏం పెట్టేరు?" అన్నాడు.

"ఆ టెస్టు సెయ్యండి సార్," అన్నాడు నానాజీ.

"ఏ టెస్టు?"

"మనుషులకి సేత్తారు గదా. అదే."

ధనరాజ్‌కు విషయం అర్థం కావడానికి పది నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక అతను గోడకు చేరగిలబడ్డాడు. "నానాజీ, గేదెకి ఎయిడ్స్ రాదు. అది మనుషుల జబ్బు. ఈ పశువు బస్తాడు బెల్లం తింది. బస్తాడు బెల్లం నువ్వు తిన్నా నీకూ ఇదే అవుద్ది," అని మందు రాసిచ్చి వెళ్ళాడు.

అతను చెప్పింది సరిగ్గానే ఊళ్ళోకి వెళ్ళింది. ఊరు దాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. గేదెకు రాదని పశువుల డాక్టరే ఇంటికొచ్చి చెప్పాల్సి వచ్చిందంటే ఏదో ఉండే ఉంటుందనుకుంది. చీకటి పడకముందే ఆరిళ్ళ నుంచి చిన్నమ్మలుకు పాలు తిరిగొచ్చాయి. ఒకావిడ తోడుపెట్టిన పెరుగు కూడా పట్టుకొచ్చింది. పోయిన వారం అరువు పట్టుకెళ్ళిన మజ్జిగ సంగతేమిటని ఇంకొకావిడ అడిగింది. ఆ మజ్జిగ తాగిన వాళ్ళాయన అప్పుడే పరవాడ కంపెనీ బస్సెక్కి డ్యూటీకి పోయాడు. బస్సులో నలభై మంది ఉంటారు. ఆ లెక్క తల్చుకుని ఆవిడ గుమ్మంలో కూలబడింది.

రెండో రోజు పొద్దున్నే ఊరి హెల్త్ సెంటరు నర్సు సుప్రియ గానుగ దగ్గరకు వచ్చింది. గేదె సంగతి ఆమెకు ధనరాజ్ ఫోన్‌లో చెప్పాడు. చెరకు కుప్ప దగ్గర అప్పటికే పులుపు వాసన మొదలైంది. సత్తియ్య ఆ కుప్ప చుట్టూ తిరుగుతున్నాడు, ఇంట్లో ప్రాణం పోతున్న మనిషి ఉన్నట్టు. చేతిలో మిగిలింది ఈ ఒక్క రోజు. ఊరు పోగైంది.

సుప్రియ చెప్పింది. కండోమ్ లేకుండా కలిస్తే సోకుతుంది. సోకిన రక్తం ఎక్కిస్తే సోకుతుంది. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి గుచ్చితే సోకుతుంది. మందు వాడకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. ముట్టుకుంటే రాదు. కలిసి తింటే రాదు. ఒకే గ్లాసులో తాగితే రాదు. మందు రోజూ వేసుకుంటే ఒంట్లో వైరస్ టెస్టుకు కూడా దొరకనంత తగ్గిపోతుంది. అలా తగ్గినంతకాలం కట్టుకున్న మనిషికి కూడా సోకదు.

"మరి దోమ కుడితే?" అన్నారు ఒకరు.

"రాదు."

"సెమట?"

"రాదు."

"బెల్లం?"

"బెల్లానికీ దానికీ ఏం సంబంధమండీ!"

"అన్నీ రాదంటే ఇంతమందికి ఎలా వచ్చింది?" అన్నాడు నానాజీ.

"మొదట చెప్పినవి వినకుండా దోమల దగ్గర మొదలెడితే ఇలాగే వస్తుంది," అంది సుప్రియ.

నానాజీ వదల్లేదు. "అదంతా సరేనమ్మా. తాతబ్బాయికి ఉందా, నేదా? అది సెప్పు."

"ఎవరికి ఏ జబ్బుందో నేను చెప్పకూడదండి. చట్టం ఒప్పుకోదు. ఉందనీ చెప్పను, లేదనీ చెప్పను."

"సెప్పనందంటే ఉన్నట్టే!" అన్నాడు నానాజీ ఊరి వైపు తిరిగి.

ఊరు తలూపింది. అక్కడితో ఆగితే నానాజీ బాగుపడేవాడు. కానీ అతని భార్య కుమారి పొద్దుటి నుంచి ఏదో ఆలోచిస్తోంది. ఆమె ముందుకొచ్చింది.

"బీపీ బిళ్ళలిచ్చేది ఎన్నో నంబరు గది?" అంది.

"మూడు," అన్నాడు నానాజీ.

"మూడో నంబరు కాడ నిలబడినోడికి పద్నాలుగో నంబరు ఎలా కనిపించింది?"

"నడిసెల్లేనే."

"ఎందుకు నడిసెల్లేవు?"

"ఎవులెవులున్నారో సూద్దారని..."

అది నిజం. అతన్ని ఎరిగినవాళ్ళంతా నమ్మవలసిన నిజం. ఒక్కరూ నమ్మలేదు. ఊరు కలిసి ఒకడుగు వెనక్కు వేసింది. చెరకు అందించే ఆవిడ మళ్ళీ చేతులు తుడుచుకుంది.

నానాజీ జేబులోంచి బీపీ చీటీ తీశాడు. ఎవరూ దాన్ని చేత్తో అందుకోలేదు. దూరం నుంచే చూసి, చీటీ మీద ఏదైనా రాయించుకోవచ్చన్నారు.

"అమ్మా సుప్రియా! నాకు నేదని సెప్పమ్మా!"

"ఎవరి గురించీ చెప్పకూడదని ఇందాకే అన్నాను కదండీ. లేదనీ చెప్పకూడదు."

"సెప్పనందంటే ఉన్నట్టే గదేటి," అంది చిన్నమ్మలు. ఆమె అతని సొంత అక్క.

"అనుమానముంటే టెస్టు చేయించుకోండి నానాజీగారూ. డబ్బులక్కర్లేదు. ఎవరికీ చెప్పరు," అంది సుప్రియ.

"ఎక్కడ?"

"పెద్దాసుపత్రిలోనే. పదమూడో గది. పద్నాలుగుకి పక్కనే."

నానాజీ మొహం పాలిపోయింది. "అక్కడికా? నన్నెవులైనా సూత్తే?"

"చూస్తారు," అంది సుప్రియ. "మీలాంటివాళ్ళు అక్కడ రోజుకొకరుంటారు."

కుమారి అతన్ని బోరింగు దగ్గరకు లాక్కుపోయింది. పసుపు, వేపాకు కలిపి అయిదు బాల్చీల చన్నీళ్ళు పోసింది. దేనికోసమని సుప్రియ అడిగితే, "ఎందుకైనా మంచిది" అంది. పోశాక కూడా ఆమెకు నమ్మకం కుదరలేదు. బట్టలు సంచీలో సర్దుకుని, పాయకరావుపేటలోని పుట్టింటికి పోతానని రోడ్డు మీద ఆటో కోసం నిలబడింది. నానాజీ పిప్పి కుప్ప పక్కన తడి లుంగీతో ఒక్కడే కూర్చున్నాడు. ఒళ్ళంతా పసుపు. దగ్గరకు ఒక కుక్క వచ్చింది. ఎవరో దాన్ని కేకేసి వెనక్కు పిలిచేసుకున్నారు.

సత్తియ్య ఇదేదీ చూడలేదు. ఒక చెరకు గడ విరిచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఇంకా పూర్తిగా పులవలేదు. చీకటి పడేలోగా ఉడికించగలిగినంత ఉడికించాలి. బండి తీసి పక్క ఊరికి పోయాడు.

తాతబ్బాయి ఇంటి ముందు కూర్చుని కత్తికి పిడి బిగిస్తున్నాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"ఇంజను బాగయ్యిందేటి మావా?" అన్నాడు.

"బాగయ్యింది."

"పాడైనప్పుడు కూడా బాగానే తిరిగింది."

సత్తియ్య నేలవైపు చూశాడు. "సెరుకు పులిసిపోతాంది తాతబ్బాయ్. రా."

"ఊరేటంటాంది?"

"ఊరు నిన్నొగ్గీసింది. ఇప్పుడు నానాజీ మీద పడ్డాది. ఆ లైన్లో ఉన్నోడు నానాజీయేనంట. తప్పు కప్పుకోడానికి నీ పేరు సెప్పేడంట." సత్తియ్య ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించాడు. "నువ్వు నోరిప్పకపోతే సాలు. ఏటీ జరగనట్టే. ఈ సీజనంతా నీ పని నీకుంటాది."

తాతబ్బాయి కత్తి పక్కన పెట్టి లేచాడు. చొక్కా వేసుకుని బండెక్కాడు.

గానుగ దగ్గర అతనికి దారిచ్చారు. నిన్న చేతులు తుడుచుకున్న ఆవిడే నవ్వి పలకరించింది. "నీ మీద అన్నాయంగా నిందేసేరు బాబూ," అంది చిన్నమ్మలు. ఎవరో టీ తెచ్చిచ్చారు. అతను టీ తాగుతూ పిప్పి కుప్ప వైపు చూశాడు. అక్కడ పసుపు పూసుకున్న నానాజీ వణుకుతున్నాడు. రోడ్డు మీద కుమారి సంచీతో నిలబడి ఉంది. ఆటో దూరంగా వస్తోంది.

చేయవలసింది చాలా తేలిక. టీ తాగడం, పొయ్యి దగ్గరకు వెళ్ళడం. అంతే. తన బతుకు తనకుంటుంది. పుకారు పుట్టించినవాడు పుకారుకే పోతాడు. అందులో అన్యాయం కూడా పెద్దగా లేదు.

తాతబ్బాయి టీ సగంలో ఆపాడు.

"కుమారీ! ఆటోని పంపించెయ్యమ్మా," అని కేకేశాడు. "నీ మొగుడు ఆ లైన్లో నేడు. ఆ లైన్లో నేనున్నాను."

సత్తియ్య కళ్ళు మూసుకున్నాడు.

"నిన్న ఒక్కరోజు కాదు. పదకొండేళ్ళ బట్టి ఉంటన్నాను. ఇచ్చిన బిళ్ళ ఇచ్చినట్టు ఏసుకుంటన్నాను. మీ కళ్ళెదురుగా పని సేత్తన్నాను. మా ఆవిడికి కూడా ఉండేది. ఆ లైన్లో నిలబడితే ఎవుడైనా సూత్తాడని ఎల్లనేదు. సచ్చిపోతావే, రాయే అన్నాను. సచ్చిపోయినా ఫరవానేదు, ఊరికి తెలీకూడదంది. రెండేళ్ళకి పోయింది."

'ఎవుడైనా' అన్నప్పుడు అతను నానాజీ వైపు చూడలేదు. చూడనక్కర్లేకపోయింది.

అతనికెలా వచ్చిందని ఎవరో అడగబోయారు. చిన్నమ్మలు వాళ్ళ కాలు తొక్కింది. ఆ రెండు రోజుల్లో ఆ ఊళ్ళో ఎవరైనా చేసిన మంచి పని అదొక్కటే. తర్వాత ఆమె నెమ్మదిగా అడిగింది.

"పదకొండేళ్ళంటే... మా పిల్ల పురుటికి కాయం సేసిన బెల్లం?"

"నేను సూసిన పాకమే."

"గుళ్ళో పరమాన్నానికి ఇచ్చింది?"

"అదీ నాదే."

"మా సారె అరిసెలు?" అంది కుమారి రోడ్డు మీంచి.

"అవీనమ్మా."

జనం లెక్కలు వేసుకున్నారు. పెళ్ళిళ్ళు, సమర్తలు, తద్దినాలు వరసగా గుర్తొచ్చాయి. ఒకరినొకరు చూసుకున్నారు. పదకొండేళ్ళుగా ఆ బెల్లం తిన్నవాళ్ళందరూ అక్కడే నిలబడి ఉన్నారు. కొందరు కొంచెం లావయ్యారు కూడా. సుప్రియ గంటసేపు చెప్పినా ఎక్కనిది ఆ నిమిషంలో ఎక్కింది. ఆమె పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఎవరూ గమనించలేదు.

చివరకు సత్తియ్య మాట్లాడాడు.

"రసం పులిసిపోతాంది. పొయ్యి ఎలిగించండి," అన్నాడు.

ఊరు మారిపోయిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. చెరకు ఆగదు. పాకం చూసే మనిషి ఇంకొకడు లేడు. ఇంజను మొదలైంది. ఇందాక వెనక్కు వేసిన అడుగు జనం ఒక్కొక్కరుగా ముందుకు వేశారు. తాతబ్బాయి పెనం దగ్గర నిలబడి తెట్టు తీస్తున్నాడు. సూర్యుడు కొండల వెనక్కు దిగేలోగా మూడు పెనాలు దించాడు. నిన్నటి రంగు రాలేదు. కానీ బెల్లమే. మిగిలిన చెరకు పొయ్యిలోకి పోయింది. సత్తియ్య ఆ మూడు పెనాలూ చూసుకుని, ఒక మూల కూర్చుని, ముక్కు తుడుచుకున్నాడు.

అంతకుముందు, మూడో పెనం ఇంకా మరుగుతుండగానే నానాజీ లేచాడు. పసుపు ఎండి ఒంటి మీద బీటలు తేలింది. ఏదో చెప్పాలని తాతబ్బాయి దగ్గరకు వచ్చాడు. చెయ్యి చాచాడు. నోరు తెరిచాడు. పెద్ద తుమ్ము వచ్చింది. వెంటనే ఇంకోటి వచ్చింది.

తాతబ్బాయి తువ్వాలుతో ముక్కు మూసుకుని నాలుగడుగులు వెనక్కు వేశాడు.

"దూరంగుండు నానాజీ! పెనం కాడికి రాకు!" అన్నాడు. "నిన్న ఆసుపత్రిలో ఎవుడో నీ పక్కన తుమ్మేడు గావాల. ఇది మాత్రం అంటుకుంటాది."

నాలుగో రోజుకి సత్తియ్యతో సహా పదకొండు మందికి జలుబు పట్టింది. నానాజీ ఆసుపత్రి నుంచి ఈ అంటుకునేది తెచ్చాడన్న సంగతి ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.